రెండు గంటలకోసారి

పెరంబూరులో మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర
ప్లాస్టిక్ కుర్చీ, టార్చిలైటు, విజిలు, నేను.
ఈ నెల కొత్తగా చేరింది
సోడా.

మూడో అంతస్తు ఆండాళమ్మగారి పగ్గు కుక్క.
మొహం అదిమేసిన జొన్నరొట్టె.
కళ్ళు మాత్రం గోలీసోడా గోలీలు,
సీసా మూతి దాకా తన్నుకొచ్చి ఆగినట్టు.
అందుకే ఆ పేరు.

మెట్ల కింద ఈనిన పిల్లి ఒకటుంది.
వాసన చూద్దామని వంగింది ఇది.
చూడ్డానికి ముక్కేదీ?
ముక్కుకంటే ముందు కన్నే వెళ్ళింది.
ఒక్క గోరు.

మర్నాటికి గోలీ నీలమైంది.
మూడోనాటికి నడిమధ్యన చిన్న గుంట,
ఇసకలో తొలి చినుకు చేసినంత.

వేపేరి ఆస్పత్రికి ఆటోలో నేనే ఎత్తుకెళ్ళా.
మా ముందు ఒక ఎద్దు, ఒక రామచిలక,
కొంగులో కోడిపుంజుతో ఒక ముసలామె.
డాక్టరమ్మ పూంగొడి నారింజరంగు కాగితప్ముక్క
కంటికి తాకించి, లైట్లార్పి,
నీలం దీపం పట్టింది.
పుండు లేతాకు పచ్చగా వెలిగింది,
నారుమడిలో మిణుగురు దిగినట్టు.
ఇంత నొప్పికి అంత అందమేంటి అనుకున్నా.

"కంటి పైన అద్దముంటుందే, అది కరిగిపోతోంది"
అంది అరవంలో.
నాకు అరవమూ తెలుసు, ఆ అద్దమూ తెలుసు.

దాని మెడలోంచి నెత్తురు తీసి
మిషన్లో గిరగిరా తిప్పి
పైకి తేలిన పసుపు నీళ్ళు చిన్న సీసాలో పోసిచ్చింది.
దాని నెత్తురే దాని కంటికి మందంట.
రెండు గంటలకోసారి చుక్క. రాత్రి కూడా.
చల్లగా ఉంచాలి. తప్పితే గుడ్డు పగులుద్ది.

ఆండాళమ్మగారికి బీపీ మాత్ర, దానిమీద నిద్రమాత్ర.
"పెంచలయ్యా, నువ్వెట్టా మేలుకొనే ఉంటావుగా?"
ఉంటా.
ముప్పైయేళ్ళుగా జీతం దానికేగా.
పన్నెండు దాటితే ఈ కుర్చీ సంగతి
వీధి కుక్కలన్నిటికీ తెలుసనుకోండి.

పది. పన్నెండు. రెండు. నాలుగు.
సీసా ఆవిన్ పాలబూతు పెట్టెలో, పెరుగు ప్యాకెట్ల పక్కన.
తాళంచెవి ఇస్తూ సెల్వం నవ్వాడు:
"మందని తాగేయొద్దన్నా."
సోడా మెడకి ప్లాస్టిక్ గరాటా.
ఎలక్షన్ మైకులా ఉంది.
వాగ్దానాల్లేవు, గురకే.

నా ఎడమకంట్లో పువ్వుంది.
ఏడేళ్ళప్పుడు, నూర్పిళ్ళలో, గడ్డిమొన.
నందివర్ధనం పూలు పిండారు.
ఎదురింటి బాలింత చనుబాలు పిండింది.
అందరూ ప్రేమగానే పిండారు.
రెండు గంటలకోసారి అన్నవాళ్ళే లేరు.
పువ్వని ఎవరు పేరు పెట్టారోగాని
ఒక్కనాడూ వాసన రాలేదు.

ఆ మాట రెండింటప్పుడు సోడాకి చెప్పా.
ఎడమవైపు నుంచొచ్చే బండి నాకానదని
సెక్రటరీకి ఇంకా తెలీదు.

తొమ్మిదోనాడు తెల్లగుడ్డు అంచునుంచి
ఎర్రదారాలు లోపలికి పాకాయి.
బెదిరి ఫోన్ చేశా.
"అవి కూలీలయ్యా, గుంట పూడ్చడానికి వస్తున్నారు, రానీ."
పనైపోయాక పోతారా అమ్మా?
"చాలామంది పోతారు. కొందరు అక్కడే ఉండిపోతారు."
నెల్లూరు బస్సు దిగిన రోజు గుర్తొచ్చింది నాకు.

ఇరవయ్యోనాడు మళ్ళీ నీలం దీపం.
ఏమీ వెలగలేదు.
గదంతా చీకటి,
అందులో డాక్టరమ్మ పళ్ళు, నా పళ్ళు.
మధ్యన బియ్యపుగింజంత మచ్చ మిగిలింది.
సోడా మూడో అంతస్తుకి వెళ్ళిపోయింది,
లిఫ్టులో, నా వంక తిరక్కుండానే.

నిన్న రాత్రి రెండింటికి మెలకువొచ్చింది.
(వచ్చిందంటే నిద్రపోయానని ఒప్పుకున్నట్టే.)
మెట్ల కింద సన్నటి ఏడుపు.
నాలుగు పిల్లల్లో ఒకదానికి
పుసిపట్టి రెప్పలు అంటుకుపోయాయి.
టార్చి నేలమీద పెట్టి
కుడివైపు నుంచి వంగా.
తల్లి గోళ్ళు తీసింది.